రిపోర్టులో వైరస్ కనపడలేదంటే బిళ్లలు ఎందుకు ఆపకూడదో ఇంట్లో చెప్పడం ఎలా

"రిపోర్టులో ఏటీ లేదన్నారు కదా, ఒళ్లు కూడా బాగుపడింది కదా, మరింకా ఈ బిళ్లలెందుకు?" హెచ్‌ఐవీకి ఏఆర్‌టీ మందులు వాడే మనిషి ఉన్న ఇంట్లో ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. మొండితనంతో అడిగేది కాదు. టైఫాయిడ్‌కి కోర్సు ఉంటుంది, అయిపోతుంది. ఆరు నెలలు పట్టినా టీబీకీ కోర్సు ఉంటుంది, అయిపోతుంది. ఇదొక్కటి ఎందుకు అయిపోదు అన్నది న్యాయమైన ప్రశ్న, దానికి "డాక్టరు చెప్పారు, వాడాలి" అంటే జవాబు చెప్పినట్టు కాదు. సరైన జవాబు దొరకని మనిషి కొన్నాళ్లు వాడతాడు, ఒంట్లో ఓపిక వస్తుంది, సూరత్ మిల్లుల్లో పనికి రైలెక్కేటప్పుడు మందు డబ్బా ఇంట్లోనే వదిలేస్తాడు.

నేను ఒడిశాలోని రాయగడలో మందుల షాపు నడుపుతాను. ఏఆర్‌టీ బిళ్లలు ప్రభుత్వ కేంద్రంలో ఉచితంగా ఇస్తారు కాబట్టి వాటి కోసం నా దగ్గరికి ఎవరూ రారు. గ్యాస్ బిళ్లకో ఐరన్ టానిక్‌కో వచ్చి, షాపులో ఎవరూ లేని టైం చూసి మెల్లగా అడుగుతారు. మన వైపు ఇంకో చిక్కు ఉంది. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, కోరాపుట్ చుట్టుపక్కల తెలుగువాళ్లం ఒడియా బాగానే మాట్లాడతాం, బజారు పనీ ఆఫీసు పనీ అందులోనే జరిగిపోతాయి, కౌన్సెలింగ్ కూడా అందులోనే. కానీ రిజల్టు విని బెదిరిపోయి కూర్చున్న మనిషికి ఇంటి భాష కాని భాషలో కణాలూ వైరస్‌లూ అని చెబితే సగమే ఎక్కుతుంది. రిపోర్టేమో ఇంగ్లీషులో ఉంటుంది. ఇంటికొచ్చాక ఆ సగాన్నే అమ్మకో అత్తకో అన్నకో తెలుగులో చెప్పాల్సిన పని రోగి మీదో, అతని భార్య మీదో పడుతుంది. ఇది ఆ పని చేసేవాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు రోగిని అడగండి

ఇంట్లో ఎవరికి చెప్పాలి, ఎంత చెప్పాలి అన్నది ఆ మనిషి ఇష్టం. 2017లో పార్లమెంటు చేసిన హెచ్‌ఐవీ ఎయిడ్స్ చట్టం, 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది, ఒకరి హెచ్‌ఐవీ విషయం వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టకూడదని చెబుతుంది. చట్టం సంగతి అలా ఉంచినా, పది ఇళ్ల వీధిలో ఒకసారి బయటికి వెళ్లిన మాట వెనక్కి రాదు. "నీ గురించి మీ అన్నకి నేను చెప్పనా, నువ్వే చెబుతావా, నేను పక్కన కూర్చోనా" అని అడిగి, వాళ్లు ఒప్పుకున్న మేరకే మాట్లాడండి. మాట్లాడేది కూడా ఇంట్లో భోజనాలయ్యాక, పిల్లలు పడుకున్నాక, ఎవరూ హడావిడిగా లేనప్పుడు. ఫోన్లో వద్దు.

యుద్ధం కథతో మొదలుపెట్టొద్దు

చాలామంది ఇలా మొదలుపెడతారు: శరీరంలో సైనికులుంటారు, వైరస్ శత్రువు, సైనికులు ఓడిపోయారు, మందు వచ్చి గెలిపించింది. వినడానికి బాగుంటుంది, కానీ అది విన్నవాళ్లకి వెంటనే తోచేది, సైనికులు మళ్లీ బలపడ్డారు కదా, ఇక వాళ్లే చూసుకుంటారు కదా అని. గుడ్లు, పాలు, చ్యవనప్రాశ పెడితే చాలు అనే ఆలోచన ఇక్కడి నుంచే పుడుతుంది. ఎవరో ఇచ్చిన పసరు తాగి ఏఆర్‌టీ మానేసినవాళ్లతో మాట్లాడి చూడండి, చాలామంది చెప్పేది ఇదే లెక్క.

నిజం వేరేలా ఉంది, అది చెప్పడానికి కాస్త ఓపిక కావాలి. శరీరం ఓడిపోయి ఊరుకోలేదు. వైరస్ ఒంట్లోకి వచ్చిన మొదటి వారాల్లో అది విపరీతంగా పెరుగుతుంది, ఒక మిల్లీలీటరు రక్తంలో పది లక్షల కాపీలు దాటడం కూడా ఉంది. ఆ టైంలో కొందరికి జ్వరం, గొంతు నొప్పి, ఒంటి మీద దద్దుర్లు వచ్చి తగ్గిపోతాయి, ఎవరూ దాన్ని పట్టించుకోరు. తర్వాత సోకిన కణాల్ని వెతికి చంపే తెల్ల కణాలు రంగంలోకి దిగుతాయి, వైరస్ చాలా కిందికి పడిపోతుంది, చాలామందిలో వంద రెట్లు కూడా తగ్గుతుంది. ఏ మందూ లేకుండా శరీరం తనంతట తాను చేసిన పని అది. పడుతుంది, కానీ సున్నా కాదు. ఒక స్థాయి దగ్గర ఆగి అక్కడే ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఇంట్లోవాళ్లకి మీరు వివరించాల్సింది ఈ చోటునే: ఇంత గట్టిగా పనిచేసిన శరీరం దాన్ని ఎందుకు పూర్తిగా తుడిచేయలేకపోయింది?

కారణాలు చాలా ఉన్నాయి. అన్నీ ఒకే రాత్రి చెప్పొద్దు. రెండు బాగా అర్థమైతే మిగతావి ఎప్పుడైనా చెప్పుకోవచ్చు. ఆ రెండు ఏమిటంటే, అది వేగంగా రూపు మార్చుకుంటుంది, అది మన కణాల డీఎన్‌ఏలో చేరిపోతుంది.

రూపు మార్చుకోవడం

మందు వాడని రోజుల్లో అది పైకి ఏమీ చేయనట్టు ఉంటుంది, మనిషి పొలానికి వెళతాడు, పనికి వెళతాడు, ఎనిమిది పదేళ్లు కూడా పెద్దగా జబ్బు పడకుండా గడిచిపోవచ్చు. అన్నాళ్లూ వైరస్ పడుకుని ఉందని ఒకప్పుడు డాక్టర్లే అనుకునేవారు. 1995లో డేవిడ్ హో, జార్జ్ షా అనే పరిశోధకుల బృందాలు వేర్వేరుగా లెక్కలు తీసి అది తప్పని చూపించాయి. ఆ తర్వాతి ఏడాది లెక్కల ప్రకారం మందు వాడని మనిషి ఒంట్లో రోజుకి సుమారు వెయ్యి కోట్ల కొత్త వైరస్‌లు పుడతాయి, దాదాపు అన్నీ చస్తాయి, మళ్లీ పుడతాయి. రోజూ. శరీరం ప్రతిరోజూ చంపుతూనే ఉంది, అది ప్రతిరోజూ పుడుతూనే ఉంది.

హెచ్‌ఐవీ జన్యు సమాచారం చాలా చిన్నది, పది వేల అక్షరాలు కూడా ఉండదు. దాన్ని కాపీ చేసే ఎంజైమ్ తప్పులు రాస్తుంది, రాసినదాన్ని సరిచూసుకునే అలవాటు దానికి లేదు. రోజుకి వెయ్యి కోట్ల కాపీలు, వాటిలో బోలెడన్ని తప్పులు. చాలా తప్పుల వల్ల ఆ వైరస్సే పనికిరాకుండా పోతుంది. కొన్ని తప్పుల వల్ల మాత్రం దాని పైభాగం కాస్త మారి, మన శరీరం కష్టపడి తయారుచేసిన యాంటీబాడీకి, అంటే వైరస్‌ని పట్టుకుని అడ్డుకునే ప్రొటీన్‌కి, దొరకకుండా పోతుంది. ఇంకా గట్టిది ఏమిటంటే, వైరస్ పైన ముళ్లలా ఉండే ప్రొటీన్ మీద దట్టంగా చక్కెర అణువుల కప్పు ఉంటుంది, ఆ చక్కెరలు మన సొంత కణాలు తయారుచేసినవే, అందుకే శరీరం వాటిని పరాయివని సులువుగా గుర్తించదు. దాన్ని సరిగ్గా అడ్డుకోగల యాంటీబాడీ రావడానికి నెలలు పడుతుంది. అది వచ్చేసరికి, అది ఏ రూపాన్ని చూసి తయారైందో ఆ రూపం ఒంట్లో పక్కకి తప్పుకుని వేరే రూపం ఎక్కువై ఉంటుంది. శరీరం మళ్లీ కొత్తది చేస్తుంది, వైరస్ మళ్లీ మారుతుంది.

కణాల్ని చంపే తెల్ల కణాల నుంచి తప్పించుకోవడానికి దానికి ఇంకో దారి ఉంది. మామూలుగా మన కణంలో ఏ వైరస్ చేరినా ఆ కణం దాని ముక్కల్ని పైకి తెచ్చి చూపిస్తుంది, అది చూసే చంపే కణాలు వస్తాయి. హెచ్‌ఐవీ తయారుచేసే నెఫ్ అనే ప్రొటీన్ అలా చూపించే అణువుల్ని కణం పైనుంచి లోపలికి లాగేస్తుంది. ఏళ్ల తరబడి ఇలా వెంటాడి చంపే కణాలు కూడా అలసిపోతాయి, ఉన్నా పనిచేయవు.

ఇంట్లో ఇంత వివరం అక్కర్లేదు. "అది రోజూ వేషం మారుస్తుంది, ఒంట్లో పుట్టిన రక్షణ నిన్నటి వేషానికి సరిపోతుంది" అంటే మా షాపుకి వచ్చే ముసలమ్మకి కూడా అర్థమైంది. ఇదే చోట మూడు మందులు ఎందుకో కూడా చెప్పేయండి. 1987లో ఏజడ్‌టీ అనే ఒక్క మందుతో మొదలుపెట్టారు, కొన్నాళ్లకే వైరస్ దాన్ని తప్పించుకునేలా మారిపోయేది. 1996 నుంచి మూడు మందులు కలిపి ఇవ్వడం వచ్చాక, మూడింటినీ ఒకేసారి తప్పించుకునే తప్పు రాయడం దానికి దాదాపు అసాధ్యమైంది. ఇప్పుడు మన దగ్గర ఎక్కువమందికి ఇచ్చే ఒక్క బిళ్లలో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ ఉంటాయి. ఒక రోజు వేసుకుని రెండు రోజులు మానేస్తే ఒంట్లో మందు సగం సగం మిగిలి, మారడానికి దానికి అవకాశం దొరుకుతుంది. బొత్తిగా వాడకపోవడం ఒక ప్రమాదం, అప్పుడప్పుడు వాడటం ఇంకో ప్రమాదం.

డీఎన్‌ఏలో చేరిపోవడం

ఇది బాగా చెప్పగలిగితే "ఎందుకు ఆపకూడదు" అనే ప్రశ్నకి జవాబు దొరికినట్టే. తొందరపడకండి.

హెచ్‌ఐవీ ప్రధానంగా దాడి చేసేది సీడీ4 కణాల మీద. మిగతా రక్షణ కణాలకి ఎప్పుడు ఏం చేయాలో చెప్పేవి ఇవే. వైరస్ కణంలోకి వెళ్లాక తన ఆర్‌ఎన్‌ఏని, అంటే ఇందాక చెప్పిన దాని జన్యు సమాచారాన్ని, డీఎన్‌ఏగా మార్చుకుంటుంది, తర్వాత ఇంటిగ్రేజ్ అనే ఎంజైమ్‌తో ఆ డీఎన్‌ఏని మన కణం సొంత డీఎన్‌ఏ మధ్యలో అతికిస్తుంది. ఆ క్షణం నుంచి అది బయటి వస్తువు కాదు. ఆ కణం బతికున్నంత కాలం దానిలో భాగం.

నేను దీన్ని పట్టాతో చెబుతాను, మన వైపు భూమి తగాదా లేని ఇల్లు ఉండదు కాబట్టి వెంటనే అర్థమవుతుంది. మీ పొలం పట్టాలో, తహసీల్ రికార్డులోనే, ఎవరిదో పేరు మధ్యలో ఎక్కిందనుకోండి. ఆ మనిషి ఎన్నేళ్లైనా పొలం గట్టు మీద కనపడకపోవచ్చు. పొలం చుట్టూ కాపలా పెట్టినా ఉపయోగం లేదు, ఎందుకంటే అక్కడ ఎవరూ లేరు. కానీ ఆ పట్టాకి ఎప్పుడు నకలు తీసినా ప్రతి నకలులో ఆ పేరు వస్తుంది. కణం రెండుగా విడిపోయేటప్పుడు తన డీఎన్‌ఏకి నకలు తీస్తుంది, ఆ నకలుతో పాటు వైరస్ కూడా ఉచితంగా కాపీ అవుతుంది. బయటికి ఒక్క వైరస్ కూడా రాకుండానే సోకిన కణాల సంఖ్య ఇలా పెరగగలదు.

ఇప్పుడు దీనికన్నా ముఖ్యమైన మాట. సోకిన సీడీ4 కణాల్లో ఎక్కువ భాగం కొద్ది రోజుల్లోనే చచ్చిపోతాయి. కానీ కొన్ని విశ్రాంతిలోకి వెళ్లిపోతాయి. చిన్నప్పుడు తట్టు వచ్చినవాళ్లకి మళ్లీ రాదు కదా, దానికి కారణం శరీరంలో జ్ఞాపక కణాలు ఉండటం. వాటి పనే ఏళ్లకి ఏళ్లు కదలకుండా బతికి ఉండి, అదే జబ్బు మళ్లీ వస్తే లేవడం. హెచ్‌ఐవీ దాక్కునేది సరిగ్గా ఈ జ్ఞాపక కణాల్లో. కణం విశ్రాంతిలో ఉంటే దానిలోని వైరస్ డీఎన్‌ఏ కూడా నోరు మెదపదు, ప్రొటీన్ తయారవదు, కణం పైన ఏ గుర్తూ కనపడదు. శరీరం దాన్ని చూసినా మామూలు కణం అనుకుంటుంది. అది తప్పు చేయడం లేదు, చూడటానికి అక్కడ నిజంగానే ఏమీ లేదు. మనల్ని జీవితమంతా కాపాడటానికి ఎక్కువ కాలం బతికేలా తయారైన కణమే దానికి చోటైంది, నాకు ఈ జబ్బులో అన్నిటికన్నా బాధ కలిగించే విషయం ఇదే.

1997లో మూడు పరిశోధక బృందాలు, మందులు బాగా పనిచేసి రక్తంలో వైరస్ దొరకనివాళ్ల ఒంట్లో కూడా ఈ నిద్రపోయే కణాలు ఉన్నాయని, వాటిని ప్రయోగశాలలో లేపితే బతికున్న వైరస్ బయటికి వస్తోందని చూపించాయి. ఇవి చాలా అరుదు, విశ్రాంతిలో ఉన్న పది లక్షల సీడీ4 కణాల్లో దాదాపు ఒకటి. అంత తక్కువే కదా, మందు వాడుతూ పోతే కొన్నాళ్లకి అవే అయిపోతాయి కదా అని అడుగుతారు, అడగాల్సిన ప్రశ్నే. సిలిసియానో అనే పరిశోధకుడి బృందం 2003లో లెక్క కట్టి, ఈ నిల్వ సగానికి తగ్గడానికి సగటున 44 నెలలు పడుతుందని చెప్పింది. ఆ లెక్కన పూర్తిగా పోవాలంటే 70 ఏళ్లు దాటుతుంది. పైగా నేను ఇందాక చెప్పిన నకళ్ల వల్ల ఒకపక్క తగ్గుతూ ఇంకోపక్క పూడుతూ ఉంటుంది.

ఈ నిల్వ ఎప్పుడు ఏర్పడుతుంది? జబ్బు ముదిరాక అనుకుంటారు చాలామంది. సోకిన కొద్ది రోజుల్లోనే. అమెరికాలోని మిసిసిపీలో 2010లో పుట్టిన ఒక బిడ్డకి పుట్టిన 30 గంటల్లోనే మందులు మొదలుపెట్టారు. ఏడాదిన్నర వయసులో మందులు ఆగిపోయాయి, రెండేళ్లకి పైగా వైరస్ కనపడలేదు, నయమైపోయిందని ప్రపంచమంతా సంతోషించింది. 2014లో మళ్లీ కనపడింది. అంత త్వరగా మొదలుపెట్టినా ఎక్కడో కొన్ని కణాలు మిగిలాయి. అలాగని త్వరగా మొదలుపెట్టడం వృథా అనుకోవద్దు, త్వరగా మొదలుపెట్టినవాళ్లలో ఈ నిల్వ చిన్నదిగా ఉంటుంది, సీడీ4 కణాలు నిలుస్తాయి. మన దేశంలో 2017 నుంచి సీడీ4 ఎంతున్నా చూడకుండా పాజిటివ్ అని తేలిన వెంటనే మందులు ఇస్తున్నది అందుకే.

చోట్ల గురించి కూడా ఒక మాట. రక్తంలో ఉండేది శరీరంలోని లింఫోసైట్ కణాల్లో, అంటే సీడీ4 లాంటి తెల్ల కణాల్లో, రెండు శాతం దాకా మాత్రమే. మిగతావి గజ్జల్లో, చంకల్లో, మెడ దగ్గర ఉండే గ్రంథుల్లో, పేగుల గోడల్లో, ప్లీహంలో ఉంటాయి. వైరస్ కూడా అక్కడే ఎక్కువ. లింఫ్ గ్రంథుల లోపల కొన్ని గూళ్లలాంటి చోట్లకి చంపే కణాలు సరిగా వెళ్లవు. మెదడులోని కొన్ని కణాల్లో కూడా అది ఉండగలదు.

బిళ్ల ఏం చేస్తుంది, ఏం చేయదు

ఇక్కడిదాకా వచ్చాక ఇది రెండు నిమిషాల పని. టెనోఫోవిర్, లామివుడిన్ ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా మార్చే మెట్టుని ఆపుతాయి. డోలుటెగ్రావిర్ అతికించే మెట్టుని ఆపుతుంది. అంటే మూడూ కలిసి చేసేది, కొత్త కణం సోకకుండా ఆపడం. ఇప్పటికే అతుక్కుపోయినదాన్ని అవి ఏమీ చేయలేవు. నిద్రపోయే కణాల్లో ఏదో ఒకటి రోజూ ఎక్కడో లేస్తుంది, వైరస్‌ని బయటికి వదులుతుంది, ఒంట్లో మందు ఉంటే అది ఇంకో కణాన్ని పట్టుకోలేక అక్కడితో ఆగిపోతుంది. మందు లేకపోతే ఆగదు. అందుకే మానేసినవాళ్లలో ఎక్కువమందికి రెండు నుంచి నాలుగు వారాల్లోనే వైరస్ మళ్లీ రక్తంలో కనపడుతుంది. మనిషికి మాత్రం ఆ వారాల్లో ఏమీ తెలియదు, పైగా బిళ్ల మానేశాక హాయిగా ఉందంటాడు. ఒంట్లో ఎలా ఉందో చూసి నిర్ణయించుకునే జబ్బు కాదిది.

మధ్యమధ్యలో మానేసి సీడీ4 తగ్గినప్పుడు మాత్రమే వాడితే ఏమవుతుందని పెద్ద పరిశోధనే చేశారు, స్మార్ట్ అని దాని పేరు, 2006లో ఫలితాలు వచ్చాయి. మానేసి వాడినవాళ్లలో జబ్బులూ మరణాలూ ఎక్కువయ్యాయి. ఈ ప్రశ్న ఇక తేలిపోయినట్టే.

రిపోర్టు పక్కన పెట్టుకుని చెప్పండి

వైరల్ లోడ్ కాగితం తీయండి. "టార్గెట్ నాట్ డిటెక్టెడ్" అనో, ఒక అంకె కన్నా తక్కువ అనో ఉంటుంది. ఆ పరీక్ష కొలిచేది రక్తంలో కణాల బయట తిరిగే వైరస్‌ని. కణాల లోపల డీఎన్‌ఏలో అతుక్కున్నదాన్ని అది చూడదు, గ్రంథుల్లోదాన్ని అసలే చూడదు. ఈ ముక్క ఒక్కటీ కాగితం మీద వేలు పెట్టి చెబితే "ఏటీ లేదన్నారు కదా" అన్న ప్రశ్నకి అక్కడే జవాబు వస్తుంది.

అలాగని ఆ రిపోర్టు విలువ తగ్గించి మాట్లాడొద్దు. అది చాలా మంచి వార్త, ఇంట్లో గట్టిగా చెప్పుకోవాల్సిన వార్త. మందు పనిచేస్తోంది, వైరస్ మారడానికి అవకాశం దొరకడం లేదు, సీడీ4 కణాలు కోలుకుంటున్నాయి. వైరస్ కనపడని స్థాయిలో నిలిచి ఉన్న మనిషి నుంచి లైంగిక సంబంధం ద్వారా భార్యకో భర్తకో అది సోకదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది. ఈ మాట దంపతులకి విడిగా చెప్పండి, ఏళ్ల తరబడి భయంతో వేరే గదుల్లో పడుకునేవాళ్లు ఉన్నారు. పాలిచ్చే తల్లి విషయం మాత్రం వేరు, అది ఏఆర్‌టీ కేంద్రంలో అడిగే నడవాలి.

అదే కాగితంలో వైరస్ ఎక్కువ కనపడితే మొదటి మాటగా తిట్టొద్దు. ఎన్ని బిళ్లలు మిగిలాయో, ఎప్పుడు తప్పాయో నెమ్మదిగా అడగండి. కేంద్రంలో కూడా ముందు మందు సరిగా వాడేలా చూసి, కొన్ని నెలలు ఆగి మళ్లీ పరీక్ష చేసి, అప్పుడు మందు మార్చాలా అని ఆలోచిస్తారు.

వాళ్లు వేసే ఎదురు ప్రశ్నలు

"ఎవరికో పూర్తిగా తగ్గిపోయిందట, ఫోన్లో చూశాను బావా, మరి మనకెందుకు తగ్గదు?" ఇది తప్పకుండా వస్తుంది. తగ్గింది నిజమే అని ఒప్పుకుని మొదలుపెట్టండి. బెర్లిన్‌లో తిమోతీ రే బ్రౌన్ అనే ఆయనకి రక్త క్యాన్సర్ వచ్చింది, 2007లో ఒకసారి, మరుసటి ఏడాది ఇంకోసారి మూలకణ మార్పిడి చేశారు. డాక్టర్లు వెతికి తెచ్చిన దాత కణాల మీద సీసీఆర్5 అనే తలుపు పుట్టుకతోనే లేదు. చాలా హెచ్‌ఐవీ రకాలు కణంలోకి వెళ్లడానికి ఆ తలుపు కావాలి. ఆయన ఒంట్లోని పాత రక్షణ కణాలన్నీ పోయి కొత్తవి వచ్చాయి, పాతవాటితో పాటు దాక్కున్న వైరస్సూ పోయింది. ఆయన 2020లో క్యాన్సర్ తిరగబెట్టి చనిపోయే వరకు హెచ్‌ఐవీ తిరిగి రాలేదు. తర్వాత ఇంకొంతమందికి కూడా అలా జరిగింది. కానీ ఆ చికిత్సలోనే ప్రాణం పోయే ప్రమాదం ఉంది, క్యాన్సర్ ఉన్నందువల్లే వాళ్లకి చేశారు, రోజుకొక బిళ్లతో మామూలుగా బతకగలిగిన మనిషికి అది చేయరు. ఆ కథ మనకి చెప్పేది కూడా ఇదే, ఆ కణాలు పోతే తప్ప జబ్బు పోదు.

"పసరు వాడితే ఫలానావాళ్లకి నయమైంది." మందు లేకుండానే వైరస్‌ని అదుపులో ఉంచుకునేవాళ్లు చాలా కొద్దిమంది, నూటికి ఒకరు కూడా ఉండరు, పుట్టుకతో వచ్చిన లక్షణాల వల్ల ఉంటారు. పసరు పేరు చెప్పుకునేవాళ్లలో అలాంటివాళ్లు ఉండొచ్చు, ఇంకా ఏఆర్‌టీ దాచుకుని వాడుతున్నవాళ్లూ ఉండొచ్చు. ఏ ఆకు రసమూ కణం డీఎన్‌ఏలో నుంచి ఒక ముక్కని కోసి తీయలేదు. చెప్పే పెద్దమనిషిని ఎదిరించి మాట్లాడకండి, "మావయ్యా, మీరు ఇచ్చింది ఇవ్వండి, ముందు డాక్టరుకి చూపించి వాడతాం, ఈ బిళ్ల మాత్రం ఆపం" అంటే గొడవ రాదు.

"ఇమ్యూనిటీ పెంచుకుంటే?" మంచి తిండి తినాలి, అందులో అనుమానం లేదు. కానీ హెచ్‌ఐవీ బాగా పెరిగేది చురుకుగా లేచిన సీడీ4 కణాల్లోనే. మందు లేకుండా ఆ కణాల్ని రెచ్చగొట్టే పొడి నిజంగా ఏదైనా ఉంటే అది వైరస్‌కే మేత అవుతుంది. డబ్బాల మీద రాసింది నమ్మి డబ్బు పోసేవాళ్లని చూస్తే నాకు నిజంగా కడుపు మండుతుంది.

రోజువారీ పనిలో ఇది ఎలా పాటించాలి

అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ బిళ్లలు, క్యాల్షియం, ఐరన్ బిళ్లలు డోలుటెగ్రావిర్‌ని పట్టుకుని ఒంటికి ఎక్కనివ్వవు. నేను షాపులో రోజూ చెప్పేది ఇది. ఏఆర్‌టీ బిళ్ల వేసుకున్నాక రెండు గంటలు ఆగి అవి వేసుకోవాలి, ముందే అవి వేసుకుని ఉంటే ఆరు గంటలు ఆగాలి. క్యాల్షియం, ఐరన్ అయితే భోజనంతో కలిపి ఏఆర్‌టీ బిళ్లతో పాటే వేసుకోవచ్చు, గ్యాస్ మందుకి మాత్రం ఆ వెసులుబాటు లేదు. టీబీ మందులు మొదలైనా, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతున్నా ఏఆర్‌టీ డాక్టరుకి చెప్పి తీరాలి, మోతాదులు మార్చాల్సి వస్తుంది. హెపటైటిస్ బి కూడా ఉన్నవాళ్లకి ఇంకో కారణం ఉంది. టెనోఫోవిర్, లామివుడిన్ ఆ జబ్బుని కూడా అదుపులో పెడతాయి, ఒక్కసారిగా ఆపితే లివర్ దెబ్బతినొచ్చు.

ఠాకురాణి యాత్రకో, ఊళ్లో అమ్మవారి పండగకో, ఉపవాసాలకో బిళ్ల ఆపనక్కర్లేదు. ఈ బిళ్ల ఖాళీ కడుపున కూడా వేసుకోవచ్చు, గుక్కెడు నీళ్లు చాలు, ఆ మాట ఉపవాసం ఉండే అమ్మలకి ముందే చెప్పండి. ఒకపూట మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి, తర్వాతి బిళ్ల టైం దగ్గరపడితే రెండూ కలిపి మాత్రం వేసుకోకూడదు.

పనికి బయటికి వెళ్లేవాళ్ల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. సూరత్ కావచ్చు, చెన్నై కావచ్చు, బొబ్బిలి దాటి విశాఖ కావచ్చు, టికెట్ కొన్న రోజే ఏఆర్‌టీ కేంద్రానికి కబురు చెప్పండి. నిలకడగా వాడేవాళ్లకి ఒకేసారి ఎక్కువ నెలల మందు ఇచ్చే పద్ధతి ఉంది, అడగండి. ఎక్కువ కాలం అక్కడే ఉండేట్టయితే అక్కడి కేంద్రానికి మార్పించుకోవచ్చు, మందు అక్కడా ఉచితమే, రాష్ట్రం మారినా భాష మారినా ఆ హక్కు పోదు. పుస్తకమో కార్డో ఇచ్చి ఉంటే దాని ఫోటో ఇద్దరి ఫోన్లలో ఉంచుకోండి. మందు డబ్బా రైల్లో సీటు కింద పెట్టే పెద్ద సంచిలో కాకుండా ఒంటి మీద ఉండే చిన్న బ్యాగులో పెట్టుకోవాలి, దానితో పాటు ఒక వారం బిళ్లలు విడిగా ఇంకోచోట. దారిలో మందు అయిపోయినా, పోయినా, కొత్త ఊళ్లో కేంద్రం ఎక్కడుందో తెలియకపోయినా 1097కి ఫోన్ చేయండి, అది డబ్బులు పడని జాతీయ నంబరు.